పోటీ గిత్తలా, పొడ తూర్పు మందా? ఏడెకరాల చెలకల ఏది నిలబడ్తది?

డిండి చెలక
అందరికీ నమస్తే. డిండి పక్క ఊరు మాది. ఏడెకరాల చెలక, అందుల రెండెకరాలకు బోరు పారుతది, మిగిలింది వానదేవుని దయ. పత్తి ఏసి ఏసి యాష్టకొచ్చింది. మా నాయన ఉన్నప్పుడు కొట్టం నిండ పసులుండె, ఇప్పుడు అండ్ల పాత మోటార్లు పెట్టినం.

మళ్ల పసులు పెడ్దామని ఉన్నది. రెండు ఆలోచనలు. ఒకటి, మంచి రక్తమున్న ఒంగోలు గిత్తల జత తెచ్చి బండలాగుడు పోటీలకు, ప్రదర్శనలకు తయారు చేసుడు. రెండోది, పొడ తూర్పు ఆవులు, అంటే ఒంటి మీద పొడలు (మచ్చలు) ఉండే నల్లమల దిక్కు పసులు, పది పన్నెండు కొని బయట మేపి, కోడెలు అమ్ముకునుడు. చేతుల ఐదారు లక్షలున్నయి. జెర్సీలు వద్దు, పాలకేంద్రం చుట్టు తిరిగే ఓపిక లేదు. చేసినోళ్లు చెప్పుండ్రి, యూట్యూబ్ చూసి చెప్పేటోళ్లు జర ఆగుండ్రి.

మేళ్లచెరువు గిత్తలు
తమ్ముడూ, ఐదారు లక్షలకు పేరున్న పోటీ జత రాదు. పాలపళ్ల దూడల జత వస్తది. అవి ఎదిగినంక బండ కాడ నిలబడతయో, మెడ ఎగరేసి పక్కకు పోతయో అప్పటిదాకా ఎవరికీ తెలవదు.

మా ఊరి శివరాత్రి జాతరకు ఒక్కసారి వచ్చి చూడు. పళ్లు చూసి వయసు కట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, తర్వాత జూనియర్, సీనియర్ అని విభాగాలు ఉంటయి. పళ్లు మారినకొద్దీ బండ బరువు మారుతది, ఎదుట నిలిచే జతలు మారుతయి. రెండు పళ్లల్ల మొదటి బహుమతి కొట్టిన జత ఆరు పళ్లకు వచ్చేసరికి కనపడకుండ పోయిన సంగతులు మస్తు ఉన్నయి.

అందాల పోటీ వేరే లెక్క. తెల్లని ఒళ్లు, కంటి చుట్టు నల్లని గీత, నిండు మూపురం, జారిన గంగడోలు, పొట్టి కొమ్ములు, నల్ల గిట్టలు, తోక కుచ్చు నలుపు. ఒక్క తోక కుచ్చుల తెల్ల వెంట్రుకలు కనబడ్డా పక్కనున్నోడు గుసగుస పెడతడు.

ఇంక మేత. ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, పత్తి చెక్క, పచ్చిమేత, జొన్న చొప్ప. పొద్దుగాల నడిపించాలె, ఒళ్లు రుద్దాలె, కడగాలె. జతకు ఒక మనిషి పూర్తిగా కావాలె, ఆ మనిషికి జీతమియ్యాలె. బహుమతి సొమ్ము దాణా ఖర్చుకు సరిపోతే అదృష్టం. లాభం కోసం అయితే వద్దు. పిచ్చి ఉంటే మాత్రం, దానిని మించింది లేదు.

అయిజ జాతర
మా తిక్క వీరేశ్వరస్వామి జాతరల కూడా ఇదే తీరు. గెలిచిన జతను పట్టుకొని ఫొటో దిగేటోళ్లు నూరు మంది, దాణా బాకీ కట్టేటోడు ఒక్కడు 😄

పదర తండా
అన్నా, మాది పదర దిక్కు. మా తాతల నుంచి పొడ తూర్పు మందే మా బతుకు. మీరు పన్నెండు ఆవులు కొని కొట్టంల కట్టి మేపుదమనుకుంటే మాత్రం వద్దు. ఇవి తిరిగే పసులు. రాళ్ల గుట్ట ఎక్కి మేస్తయి, దూరం నడిచి నీళ్లు తాగొస్తయి. రెండు పూటలా తొట్టి కాడ నిలబెడితే చిరాకు పడ్తయి, కొత్త మనిషి దగ్గరికొస్తే కొమ్ము ఇసురుతయి.

మా దిక్కు ఎట్లుంటదంటే, వానకాలం పంటల టైంల మందను ఊరికి దూరంగ పెడ్తం, పంట కోసినంక చేన్ల మేపుతం. ఎండలు ముదిరితే నల్లమల లోపలికి, కృష్ణ ఒడ్డు దిక్కు దించుతం. రాత్రి రైతు చేన్ల మంద కట్టేస్తే పెండ, ఉచ్చ వాళ్ల భూమికి, గింజలో పైసలో మాకు. పాలు దూడ తాగంగ మిగిలింది రెండు లీటర్లు, మూడు లీటర్లు. అసలు పైసలు కోడెలల్లనే. కార్తీకంల కురుమూర్తి జాతరకు తోలుకపోతం. మంచి జత లక్ష దాటుతది. పొడలు ఎంత బాగుంటే రైతు అంత ముచ్చటపడి కొంటడు. గిట్టలు గట్టివి కాబట్టి రాళ్ల చెలకల గుంటుక తోలనీకె వీటిని మించినవి లేవు.

కష్టం ఏందంటే అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి భాగంల మేపు వద్దంటున్నరు. చిన్నప్పటి సంది తిరిగిన దారులల్ల ఇప్పుడు ఆపుతున్నరు. పులి పసిని కొడితే అటవీశాఖ పరిహారం ఇస్తది, కానీ కళేబరం కదపకుండ వెంటనే చెప్పాలె, వాళ్లొచ్చి చూడాలె, కాగితాలు నడవాలె. మేపే జాగ తగ్గినకొద్దీ మందలు తగ్గుతున్నయి. మా తండాల నా ఈడు పిల్లలు సగం మంది హైదరాబాద్‌ల ఆటోలు తోలుతున్నరు.

డిండి చెలక
తమ్మీ మంచిగ చెప్పినవ్. మాకు అడవి లేదు గాని ఊరెనక గుట్ట ఉన్నది, కొంత బంజరు ఉన్నది. యాసంగిల వరి కోసినంక మళ్లు ఖాళీ. సరిపోదా?

ఇంకో ముచ్చట. పొడ తూర్పుకు సర్కారు గుర్తింపు వచ్చింది కదా, అంటే ప్రతి ఆవుకు సర్టిఫికెట్ ఉంటదా? రిజిస్టర్ అయిన ఆవు అని ఎక్కువ ధర చెప్తున్నడు ఒకాయన.

పశువైద్యం పాలమూరు
ఆ "రిజిస్టర్ అయిన ఆవు" మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. మూడు వేర్వేరు విషయాలను కలిపి అమ్ముతున్నారు.

చెవికి వేసే పసుపు పోగు మీద ఉండే 12 అంకెలు పశువు గుర్తింపు సంఖ్య. టీకాలు, సూదులు, ఈతలు దాని మీద నమోదు చేస్తారు. అది జాతి గొప్పతనాన్ని చెప్పదు. నాటు గొడ్డుకూ ఉంటుంది, జెర్సీకీ ఉంటుంది.

రెండోది జాతి గుర్తింపు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ పొడ తూర్పును 2020లో ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెలంగాణ పశువుల్లో ఆ గుర్తింపు పొందిన మొదటి జాతి ఇదే. అమ్రాబాద్ రైతుల సంఘం, వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ దాని కోసం చాలా తిరిగాయి. అయితే అది మొత్తం జాతికి దక్కిన గుర్తింపు. ఫలానా ఆవు, ఫలానా ఆబోతు అని అందులో రాసి ఉండదు.

మూడోది, ఒక్కో పశువును పేరు పేరునా నమోదు చేయడం. దానికి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. రోహ్తక్, అహ్మదాబాద్, అజ్మీర్, ఒంగోలులో దాని కేంద్రాలు. గిర్, కాంక్రేజ్, హర్యానా, ఒంగోలు ఆవులను, కొన్ని గేదె జాతులను పాల దిగుబడి కొలిచి నమోదు చేస్తారు. ఒంగోలు ఆవుకు అలాంటి కాగితం ఉండవచ్చు. పొడ తూర్పు ఆవుకు ఆ కాగితం చూపిస్తే ఆ మనిషిని నమ్మకండి.

ఇక పోటీ గిత్తల గురించి వైద్యుడిగా ఒక మాట. కండ కోసం గింజ దాణా ఎక్కువ పెట్టినప్పుడు కడుపులో పులుపు పెరుగుతుంది, గిట్టల లోపల వాపు వస్తుంది, నడక పాడవుతుంది. మరీ కొవ్వెక్కిన ఆబోతుకు బీజాల పైన కొవ్వు పేరుకుని వేడి పెరుగుతుంది, వీర్యం నాణ్యత తగ్గుతుంది. చూడటానికి నిండుగా ఉంటుంది, ఆవులు మాత్రం చూలు కట్టవు.

మేళ్లచెరువు గిత్తలు
డాక్టర్ గారూ, దాణా తెలివి లేకుండ పెట్టేటోళ్ల సంగతి అది. నడక, మేత సమంగ చూసుకునేటోడు గిట్టలు పాడు చేసుకోడు.

నకిరేకల్ నాగలి
ఇంత చర్చల ఒక పెద్ద ముచ్చట ఎవరూ ఎత్తలేదు. మన ఒంగోలు పసులు 19వ శతాబ్దంలనే ఓడెక్కి బ్రెజిల్ పోయినయి, 1960ల మొదట్ల మళ్ల కొన్ని పోయినయి. అక్కడ వాటిని నెలోరె అంటరు. ఆ దేశంల మాంసం కోసం పెంచే పసులల్ల ఎక్కువ శాతం ఆ రక్తమే. వియాటినా-19 అనే నెలోరె ఆవు ప్రపంచంలనే అత్యంత ఖరీదైన ఆవు అని గిన్నిస్ పుస్తకంల ఎక్కింది. 2023ల దాంట్ల మూడో వంతు వాటా దగ్గర దగ్గర 70 లక్షల బ్రెజిల్ రియాల్‌లకు అమ్ముడైంది. అంటే మొత్తం ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటింది. బరువు 1,100 కిలోల పైనే.

అది చూసి మనోళ్లు వాట్సాప్‌ల "మన ఒంగోలు ఆవు ధర చూడుండ్రి" అని తిప్పుతరు. ఆ ధర ఎందుకొచ్చిందో ఎవడూ ఆలోచించడు. దాని అండాలు, పిండాలు కొనేటోళ్లు ఉన్నరు. వాటిల పుట్టిన ఆబోతులను కోట్ల సంఖ్యల గడ్డి మీద మేసే మందలకు కావాలని కొనేటోళ్లు ఇంకా కింద ఉన్నరు. ప్రదర్శన ఆవు పైన మెరుస్తున్నదంటే కింద గడ్డి మీద మేసే మంద ఉండబట్టే.

మన కాడ ఏమున్నది? నీ గిత్త మేళ్లచెరువుల గెలిచిందనుకో. దాన్ని కొనేటోడు ఇంకో పోటీ గిత్తల మనిషే. వాడు అమ్మేది కూడా ఇంకో పోటీ గిత్తల మనిషికే. నాలుగు ఊర్ల మధ్య తిరిగే నోటు లెక్క. దుక్కి దున్నే రైతు ఒంగోలు ఎద్దును కొనుడు ట్రాక్టర్ వచ్చినంక ఎప్పుడో తగ్గింది. మన దగ్గర 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, కాబట్టి మాంసం మార్కెట్ అనే మాటే ఆవులకు రాదు. కింద మంద లేని జాతికి పైన ఎంత అలంకరణ చేసినా అది మోజు వ్యాపారమే.

పొడ తూర్పుది ఉల్టా. కొనేటోడు ఉన్నడు. పత్తి చేన్ల గుంటుక తోలనీకె ఇంకా ఎడ్లు కావాలె, వరుసల నడుమ ట్రాక్టర్ దూరదు. కోడె కొన్న రైతు దాంతోని పని చేసుకుంటడు. నాకైతే రెండో దిక్కే నయమనిపిస్తది.

మేళ్లచెరువు గిత్తలు
నకిరేకల్ అన్నా, లెక్క బాగ చెప్పినవ్, ఒప్పుకుంటా. కానీ ఒకటి ఆలోచించు. దుక్కి రైతు వదిలేసినంక ఒంగోలు మేలు రక్తాన్ని ఇన్నేండ్లు నిలబెట్టిందెవరు? సర్కారు ఫారాలు కొన్ని, మా అసొంటి పిచ్చోళ్లు మిగిలినోళ్లు. మోజు లేకపోతే ఇయ్యాల నువ్వు బ్రెజిల్ ముచ్చట చెప్పుకోనీకె ఇక్కడ ఒక్క మంచి గిత్త కనపడకపోవు. ఇంట్ల గిత్త ఉన్నోనికి ఊర్ల ఒక విలువ ఉంటది, అది నీ లెక్కల పుస్తకంల పడదు.

నకిరేకల్ నాగలి
ఆ మాట నిజమే. నేను గిత్తలను తక్కువ జేస్తలేను. ఐదారు లక్షలతోని మొదలు పెట్టేటోనికి, అదీ పత్తిల దెబ్బ తిన్నోనికి, మోజు వ్యాపారం చెప్పుడు ధర్మం కాదంటున్న.

మర్రిగూడ అక్క
మగోళ్లంతా గిత్త, మూపురం, బ్రెజిల్ అంటున్నరు. నేనొకటి అడుగుత. డిండి తమ్మీ, పొద్దుగాల పెండ తీసేదెవరు? ఈనే ఆవు కాడ రాత్రి కూసునేదెవరు? మీ ఇంట్ల ఆడోళ్లను అడిగినవా? అడగకుంటే ముందు అది చెయ్యి. మా ఆయన జాతరల మీద మోజుతోని గిత్తలు తెస్తే దాణా కలిపింది నేను, ఉలవలు ఉడకేసింది నేను, ఫొటోల ఉన్నది ఆయన.

ఇంకోటి, నీళ్లు. మా మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని అందరికీ ఎరుకే. మనుషుల సంగతే చెప్తరు, పసుల సంగతి ఎవరూ చెప్పరు. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలొస్తయి, తొందరగ అరుగుతయి, మోకాళ్లు బిగుసుకపోతయి. పళ్లు చూసి వయసు కట్టే పోటీల ఆ పళ్లతోని ఏం చేస్తవ్? డిండిల నీ బోరు నీళ్లు ఒక్కసారి పరీక్ష చేయించు. వానకాలం చెరువు నీళ్లు, ఎండాకాలం భగీరథ నీళ్లు తాపితే చాలావరకు తప్పుతది.

పశువైద్యం పాలమూరు
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి. ఫ్లోరైడ్ వల్ల పశువుల పళ్లు, ఎముకలు రెండూ దెబ్బతింటాయి. ఎదిగే వయసులో తాగిన నీళ్ల ప్రభావమే ఎక్కువ.

డిండి గారూ, మీ ఏడెకరాలకు మేత లెక్క వేద్దాం. 300 కిలోల ఆవు రోజుకు తన బరువులో సుమారు రెండున్నర శాతం ఎండు మేత తింటుంది. అంటే ఏడు కిలోల పైచిలుకు. ఏడాదికి రెండున్నర టన్నులు దాటుతుంది. పన్నెండు ఆవులకు ముప్పై టన్నుల పైనే. దూడల లెక్క వేరు. మీ చెలక గడ్డి దీనికి చాలదు. గుట్ట, బంజరు, కోసిన మళ్లు కలిస్తేనే గడుస్తుంది. గుట్ట మీద పందిముల్లు గడ్డి పూత రాకముందు మంచి మేత, ముళ్లు వచ్చాక పసులు ముట్టవు. అందుకే ఎండాకాలానికి నిల్వ పెట్టుకోవాలి.

వరిగడ్డి మీ జిల్లాలో దొరుకుతుంది, సాగర్ ఎడమ కాలువ కింద మిషన్ కోసిన మళ్లలో కాలబెడుతున్నారు కూడా. కాల్చేదాన్ని అడిగి కట్టలు కట్టించుకోండి. ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా యాభై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచండి. తీశాక కొంతసేపు గాలికి ఆరబెట్టి పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా బస్తా పశువులకు అందే చోట అసలే పెట్టవద్దు, నేరుగా నాకితే చచ్చిపోతాయి. బోరు పారే రెండెకరాల్లో అరెకరం నేపియర్ గడ్డి పెట్టుకోండి. మెట్టలో స్టైలో మేత విత్తనం చల్లితే రెండు మూడేళ్లు మేతకు వస్తుంది.

టీకాలు మానకండి. గాలికుంటుకు ఆరు నెలలకోసారి ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు. 2022లో దేశమంతా ముద్ద చర్మ వ్యాధి (లంపీ స్కిన్) వచ్చినప్పుడు చూశాం కదా.

పదర తండా
డాక్టర్ సారు, మా దిక్కు ఒక జబ్బు ఉన్నది, దానికి టీకా లేదు. మందల మంచిగ పెరిగిన కోడెనే ముందుగాల అమ్ముతరు. ఎందుకంటే దానికే ధర. పొడలు మంచిగ, ఒళ్లు మంచిగ, గిట్ట మంచిగ ఉన్నదంతా కురుమూర్తికి పోతది, కొన్నోళ్లు బీజాలు కొట్టించి ఎద్దు చేసుకుంటరు. మందల మిగిలింది బక్క కోడె, అదే ఆబోతయితది. మా పెద్దోళ్లు ఒక మంచి కోడెను దేవుని పేరు మీద వదిలేటోళ్లు, అది ఊరందరి ఆవులకు. ఇప్పుడు వదిలితే పక్కూరోడు చేనుల పడ్డదని పంచాయితీ పెడ్తడు.

పశువైద్యం పాలమూరు
ఈ మాట ప్రతి పొడ తూర్పు రైతు వినాలి. గుర్తింపు కాగితం కన్నా ఇది ముఖ్యం. మంద పెట్టేవాళ్లు అమ్మకానికి పోయే వాటిలో అన్నిటికన్నా మంచి కోడెను ఆపుకోండి. అది వదులుకున్న ధర అనుకోకండి, రాబోయే దూడలన్నిటికీ పెట్టిన పెట్టుబడి. దాని బిడ్డలు ఎదకు వచ్చేలోపు, అంటే సుమారు మూడేళ్లలో, వేరే మందతో మార్చుకోండి. లేకపోతే తండ్రి బిడ్డలే కలుస్తాయి, దూడలు చిన్నబోతాయి. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, దూడ ఏ ఆబోతుది, ఏ ధరకు అమ్మారు, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. జాతీయ గోపాల రత్న అవార్డుకు దరఖాస్తు చేసినా ఆ లెక్కలు పనికొస్తాయి, దేశవాళీ జాతులు పెంచే రైతుకు మొదటి బహుమతి 5 లక్షలు.

అయిజ జాతర
5 లక్షలా! డాక్టర్ సాబ్, ఇది ముందే చెప్తే గిత్తలు అమ్మేసేటోన్ని 😄

డిండి చెలక
అందరికీ దండాలు. ఇంట్ల అడిగిన. మా అమ్మ "పెండ నేను తీస్త గాని గిత్తల మొఖం చూడను" అన్నది. మా ఆమె పాలు ఇంటికి సరిపోతే చాలన్నది. బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చిన.

ఏడెనిమిది ఆవులతోని మొదలు పెడ్త. పెయ్యలు తేవాల్నా, ఈనిన ఆవులు తేవాల్నా? గుట్ట మీద మేపుకు ఊర్ల ఇంకిద్దరు జత కలుస్తమన్నరు, ముగ్గురి మందకు ఒక కాపరి.

పదర తండా
పెయ్యలు కొంటే అవి ఈనే వరకు నీ పైసలు ఎండలనే ఉంటయి. మొదటి ఈతకు మూడున్నర, నాలుగేండ్లు పడ్తది. దూడతోని ఉన్న ఆవు కొను, రెండో ఈతదో మూడో ఈతదో. పక్కల దూడ ఉంటే ఆవు గుణం, పాలు, తల్లితనం అన్నీ కళ్లముందే కనిపిస్తయి. సగం ఆవులు చూడితో ఉంటే ఇంకా మంచిది, తొమ్మిది నెలల పది రోజులల్ల మళ్లీ దూడ.

ఇంకోటి, అన్నీ ఒకే మంద నుంచి తెస్తే వాటికి వాటికి స్నేహముంటది, గుట్ట మీద చెదిరిపోవు. నాలుగు జాగలల్ల కొని కలిపితే నెల రోజులు కుమ్ములాటే. ఆబోతును మాత్రం వేరే మంద నుంచి తే. కాపరికి జీతంతోని పాటు కోడె అమ్మినప్పుడు ఎంతో కొంత ఇయ్యి, అప్పుడు మందను తనదనుకుంటడు.

మర్రిగూడ అక్క
ముగ్గురు కలుస్తున్నరు కాబట్టి ముందే మాట్లాడుకోండి. ఎవరి ఆవు పులివాత, కుక్కకాటు పడ్డా ఎవరు భరిస్తరు, చేనుల పడితే జుర్మానా ఎవరు కడ్తరు. కాగితం మీద రాసుకోండి, అన్నదమ్ములైనా సరే.

మేళ్లచెరువు గిత్తలు
తమ్ముడూ, మంచి నిర్ణయం. శివరాత్రికి రా, గిత్తలను చూసి పో. చూడనీకె దాణా ఖర్చు లేదు.

నకిరేకల్ నాగలి
కొన్న ఆవులను డీసీఎం వ్యాన్‌ల తెచ్చేటప్పుడు జాగ్రత్త. దారిల ఆపుతరు, పోలీసోళ్లు ఆపుతరు, వేరేటోళ్లు కూడా ఆపుతరు. కొన్న రసీదు, పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం, చెవి పోగు అంకెలు అన్నీ చేతుల పెట్టుకో. ఇరికిచ్చి ఎక్కియ్యకు, కింద గడ్డి పరిచి, తల్లీ దూడను ఒక్కదగ్గర కట్టు. పగటి పూటనే కదులు.

డిండి చెలక
మంద కాడ కొంటే రసీదు ఎట్ల? అంగడిల అయితేనే ఇస్తరు కదా?

పదర తండా
అంగడిల అయితే ఆ అంగడిని వేలంల పాడుకున్నోడు ఇస్తడు. మంద కాడ అయితే అమ్మినాయన చేత తెల్ల కాగితం మీద పోగు అంకెలతోని రాయించుకొని, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించుకో. మా దిక్కు వస్తే కబురు చెయ్యి అన్నా, దసరా దాటినంక రా. అప్పుడు కోడెలన్నీ కురుమూర్తికి తయారవుతుంటయి, ఏ మందల ఏ ఆబోతు దూడలున్నయో నువ్వే చూసుకోవచ్చు.